ఎందుకు పోయిందో తెలుసుకోకుండా తిరిగి తేలేం

(రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

రీవైల్డింగ్, అంటే ఒక చోటు నుంచి పోయిన ప్రాణుల్ని తిరిగి తెచ్చి ఆ చోటుని మళ్ళీ నిలబెట్టడం. ఆ మాట అనగానే చాలామందికి కళ్ళముందు మెదిలేది ఒకటే. బోను తలుపు పైకి లేస్తుంది. లోపలున్న జంతువు ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. చుట్టూ కెమెరాలు. ఆ దృశ్యం బాగుంటుంది, కాదనను. చూసిన ప్రతిసారీ నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ తలుపు తెరవడానికి ముందు ఎన్నేళ్ళ పని ఉంటుంది, తెరిచాక ఎన్నేళ్ళ పని ఉంటుంది? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించి. ఒక్క ప్రశ్న పట్టుకుని దాని చుట్టూనే తిరుగుతాను. ఆ ప్రాణి అక్కణ్ణుంచి ఎందుకు పోయింది? ఎందుకు పోయింది? దీనికి జవాబు దొరక్కుండా తెచ్చి వదిలామంటే, దాన్ని రెండోసారి చంపినట్టే.

పులితో మొదలుపెడతానని అనుకుని ఉంటారు. పులి దగ్గరికి వస్తాను. ముందు ఒక సీతాకోకచిలుక.

బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అని ఒక సీతాకోకచిలుక ఉండేది. పేరుకి లార్జే గానీ అరచేతిలో పెట్టుకుంటే ఒక మూలకి సరిపోతుంది. నీలం రెక్కలు, వాటి మీద నల్లటి చుక్కలు. అది ఏటికేడాది తగ్గిపోతూ వచ్చింది. అందరూ ఏమనుకున్నారు? సీతాకోకచిలుకలు పట్టి అద్దాల పెట్టెల్లో దాచుకునేవాళ్ళ వల్ల పోతోందనుకున్నారు. అనుకుని ఏం చేశారు? అది ఉన్న ఒక చోట కంచె వేశారు, ఎవరూ లోపలికి రాకుండా. వలలు పట్టుకున్న మనుషులు రాలేదు, నిజమే. గొర్రెలూ పశువులూ కూడా రాలేదు. గడ్డి పెరిగింది. సీతాకోకచిలుక అక్కడా పోయింది.

గడ్డి పెరిగితే సీతాకోకచిలుక ఎందుకు పోవాలి? ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే మొత్తం విషయం ఇందులోనే ఉంది. ఈ సీతాకోకచిలుక థైమ్ అనే నేలబారు మొక్క మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు పుట్టి, రెండు మూడు వారాలు ఆ పువ్వునే తింటుంది. తర్వాత ఒక సాయంత్రం ఉన్నట్టుండి నేల మీదికి జారిపడుతుంది. పడి, కదలకుండా కాచుకుని కూచుంటుంది. ఎవరి కోసం? ఎర్రచీమ కోసం. చీమ వస్తుంది. గొంగళిపురుగు ఒంట్లోంచి తియ్యటి చుక్క ఒకటి ఊరుతుంది. చీమ దాన్ని తాగుతుంది, తడుముతుంది, చివరికి ఇది మా గూటి పిల్లే కాబోలు అనుకుని నోట కరుచుకుని నేల కిందికి మోసుకుపోతుంది. ఆ చీకటి గూట్లో గొంగళిపురుగు పది నెలలు ఉంటుంది. ఏం తిని బతుకుతుంది? ఆ చీమల పిల్లల్నే తిని. వేసవిలో రెక్కలొచ్చి, చీమల దారినే పైకి పాకి, ఎగిరిపోతుంది.

ఏ చీమ పడితే ఆ చీమ పనికిరాదు. ఆ గూళ్ళలో బతికి బట్టకట్టాలంటే ఎర్రచీమల్లో ఒకే ఒక్క జాతి కావాలి. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త 1970లలో ఆఖరున మిగిలిన చోట్ల ఏళ్ళ తరబడి నేల మీద పడుకున్నట్టే గడిపి, ఈ సంగతి తేల్చాడు. ఆ చీమకి వెచ్చటి నేల కావాలి. నేల వెచ్చగా ఉండాలంటే గడ్డి పొట్టిగా ఉండాలి, మూడు సెంటీమీటర్ల లోపు. గడ్డి కాస్త ఎదిగిందా, నీడ పడి నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఆ చీమ తప్పుకుంటుంది, వేరే చీమ వచ్చి చేరుతుంది. మనిషి కంటికి అదే గడ్డినేల, అదే థైమ్, అవే ఎర్రచీమలు. సీతాకోకచిలుకకి మాత్రం అక్కడ బతుకు లేదు. ఎక్కడ తప్పిపోయింది? గడ్డి మేసేవాళ్ళు పోవడం దగ్గర. పశువుల్ని మానేశారు. దానికి తోడు 1950లలో మిక్సోమటోసిస్ అనే జబ్బు వచ్చి కుందేళ్ళు కుప్పలుగా చచ్చిపోయాయి. గడ్డిని పొట్టిగా ఉంచేవాళ్ళు లేరు.

ఈ జవాబు దొరికేసరికి ఆలస్యమైపోయింది. 1979లో బ్రిటన్‌లో ఆ సీతాకోకచిలుక పూర్తిగా పోయింది. కానీ ఇప్పుడు కారణం చేతిలో ఉంది కదా. పశువుల్ని మళ్ళీ మేపారు, పొదలు కొట్టారు, ఆ చీమ తిరిగొచ్చేదాకా ఆగారు. 1980లలో స్వీడన్ నుంచి గొంగళిపురుగుల్ని తెచ్చి వదిలారు. నిలబడ్డాయి. ఇవాళ్టికీ ఎగురుతున్నాయి. చూశారా, సీతాకోకచిలుకని తీసుకురావడం ఆఖరి పని. ముందు గొర్రె రావాలి, తర్వాత చీమ రావాలి.

ఇంకోటి కూడా గమనించండి. ప్రకృతిని దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు, అదే బాగుపడుతుంది అంటారు చాలామంది. కొన్నిచోట్ల నిజమే. ఇక్కడ మాత్రం వదిలేయడమే దాన్ని చంపింది. వందల ఏళ్ళుగా మేపుకు అలవాటుపడ్డ నేల అది. అలాంటి నేలకి కాపరి కూడా ఒక భాగమే.

సరే, ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. బీవర్. చెట్లు కొరికి, వాగులకి అడ్డంగా కట్టలు కట్టుకుని నీళ్ళలో బతికే జంతువు.

యూరప్‌లో బీవర్లని బొచ్చు కోసం, దాని ఒంట్లో ఊరే సుగంధం కోసం ఎంతలా వేటాడారంటే, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఖండమంతా కలిపి సుమారు 1,200 మిగిలాయి. బ్రిటన్‌లో అంతకు చాలా ముందే ఒక్కటి లేకుండా పోయాయి. మరి ఎందుకు పోయింది? ఈసారి జవాబు సులువు. వేట. వేట ఆపగలిగితే, నీళ్ళూ చెట్లూ ఉంటే, బీవర్ తన ఇల్లు తనే కట్టుకుంటుంది. అందుకే అది తిరిగి రావడం అంత తేలికగా సాగింది. ఇప్పుడు యూరప్‌లో పది లక్షలకు పైగా ఉన్నాయి. స్కాట్లాండ్‌లో 2009లో ప్రయోగంగా వదిలారు. ఇంగ్లండ్‌లో 2022 నుంచి దానికి చట్టరక్షణ ఉంది.

దాని పని ఏమిటో చెప్తాను. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో 2011లో ఒక జతని రెండు హెక్టార్లు కూడా లేని కంచెలో, ఒక పిల్లకాలువ పక్కన పెట్టారు. ఆ జత చెట్లు కొరికి పడేసి, కొమ్మలు ఈడ్చుకొచ్చి, బురద మెత్తి, ఆ చిన్న కాలువ పొడుగునా ఒకదాని కింద ఒకటి 13 మడుగులు కట్టేసింది. కొన్నేళ్ళ తర్వాత పరిశోధకులు ఆ మడుగుల అడుగున ఎంత మట్టి పేరుకుందో కొలిచారు. 100 టన్నులకు పైగా! అందులో 70 శాతం దాకా పైనున్న పచ్చికబయళ్ళ నుంచి కొట్టుకొచ్చిన మట్టే. అంటే ఆ జత లేకపోతే ఆ మట్టంతా ఏమయ్యేది? నదిలోకి పోయేది. వాన కురిసినప్పుడు వరద ఒక్కసారిగా దూకకుండా మెట్టుమెట్టుగా దిగుతుంది. ఎండల్లో కాలువ ఎండిపోకుండా నీళ్ళు ఊరుతూ ఉంటాయి. కప్పలొస్తాయి, తూనీగలొస్తాయి. కొరికిన విల్లో చెట్టు చావదు, మొదట్లోంచి పది పిలకలు వేస్తుంది.

మరి గొడవల్లేవా? ఎందుకు లేవు? రైతు పొలంలోకి నీళ్ళొస్తాయి. రైతు కోప్పడతాడు, కోప్పడాలి కూడా. జర్మనీలో బవేరియా ప్రాంతంలో దీనికి ఒక పద్ధతి ఉంది. బీవర్ వల్ల ఇబ్బంది వస్తే కబురు పెట్టడానికి ఊళ్ళ దగ్గర్లో బీవర్ సలహాదారులు ఉంటారు. వాళ్ళొచ్చి చూస్తారు. కట్ట మధ్యలోంచి గొట్టం వేసి నీటిమట్టం దించుతారు, చెట్టు మొదలుకి ఇనపవల చుడతారు. ఏదీ కుదరకపోతే ఆ బీవర్ని అక్కణ్ణుంచి తీసేస్తారు. ఇది మెచ్చుకోవాల్సిన ఏర్పాటు. జంతువుని వదిలిన రోజు ఉపన్యాసాలు ఇవ్వడం కంటే, పదేళ్ళ తర్వాత అర్ధరాత్రి రైతు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండటం ముఖ్యం.

అయితే ఇదే బీవర్‌తో ఇంకో కథ. దక్షిణ అమెరికా కొసన తియెర్రా దెల్ ఫ్యూగో అనే దీవులున్నాయి. అక్కడ ఎప్పుడూ బీవర్ లేదు. 1946లో బొచ్చు వ్యాపారం పెడదామని ఉత్తర అమెరికా నుంచి కొన్ని జతల్ని తెచ్చి వదిలారు. అదే పళ్ళు, అదే పని, అవే కట్టలు. కానీ అక్కడి చెట్లకి బీవర్ అంటే ఏమిటో తెలీదు. కొరికితే పిలకెయ్యవు, వేర్లలో నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతాయి. వాగుల వెంట అడవులకి అడవులే మోడువారిపోయాయి. ఇప్పుడు ఆ దేశాలు రెండూ, అర్జెంటీనా, చిలీ, వాటిని ఎలా వదిలించుకోవాలా అని తల పట్టుకుంటున్నాయి. అందుకే స్థానిక జాతి, స్థానిక జాతి అని మేం పదే పదే అంటాం. చాదస్తం కాదది. వేల ఏళ్ళు కలిసి బతికిన చెట్టుకీ జంతువుకీ మధ్య ఒక సర్దుబాటు ఉంటుంది. తెచ్చిపెడితే వచ్చేది కాదు.

ఇప్పుడు మీరంతా విన్న కథ. అమెరికాలో యెల్లోస్టోన్ అనే జాతీయ పార్కు తోడేళ్ళు. ఎంతమంది విన్నారు? చాలామందే ఉన్నారు.

కథ ఇలా చెప్తారు. 1926కల్లా అక్కడ తోడేళ్ళని చంపేశారు. ఎల్క్ అనే పెద్ద జింకలు పెరిగిపోయాయి, విల్లో, ఆస్పెన్ మొక్కల్ని ఎదగనివ్వకుండా తినేశాయి. 1995, 1996లో కెనడా నుంచి 31 తోడేళ్ళని తెచ్చి వదిలారు. జింకలు తగ్గాయి, చెట్లు లేచాయి, బీవర్లు వచ్చాయి, నదులే దారి మార్చుకున్నాయి. ఎంత అందంగా ఉంది! ఇందులో చాలా భాగం నిజం. జింకలు తగ్గాయి. కొన్ని లోయల్లో విల్లోలు మనిషిని దాటి ఎదిగాయి. తోడేలు తిరిగి రావడం గొప్ప విషయం, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

కానీ కొన్ని వాగుల దగ్గర విల్లోలు లేవలేదు. ఎందుకు? తోడేళ్ళు లేని ఆ 70 ఏళ్ళలో, జింకలు చెట్లు తినేశాయి కాబట్టి బీవర్లు వెళ్ళిపోయాయి. బీవర్లు వెళ్ళిపోయాయి కాబట్టి కట్టలు తెగిపోయాయి. కట్టలు తెగాయి కాబట్టి వాగులు లోతుగా కోసుకుపోయాయి. వాగు లోతుకు పోతే భూమిలో నీటిమట్టం కిందికి పోతుంది, విల్లో వేరుకి అందదు. ఇప్పుడు తోడేలు వచ్చి జింకని తరిమినా, ఆ మొక్కకి నీళ్ళేవి? కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2001లో అక్కడే ఒక ప్రయోగం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు నడిపారు. కొన్ని చోట్ల జింకలు రాకుండా కంచె వేశారు. కొన్ని చోట్ల బీవర్ కట్టలాంటి కట్ట వేశారు. కొన్ని చోట్ల రెండూ చేశారు. విల్లోలు బాగా ఎదిగింది ఎక్కడ? కంచె, కట్ట రెండూ ఉన్నచోట.

ఇంకోటి, జింకలు తగ్గింది తోడేళ్ళ వల్ల ఒక్కటే కాదు. ఎలుగుబంట్లు పెరిగాయి, ప్యూమాలనే పెద్ద అడవిపిల్లులు పెరిగాయి, పార్కు సరిహద్దు బయట మనుషుల వేట ఉంది, కరువులొచ్చాయి. ఇదంతా తోడేలుని చిన్నబుచ్చడానికి చెప్పట్లేదు. ఒక జంతువు పోయాక ఆ చోటు అలాగే ఆగి ఉండదని చెప్తున్నాను. అది జారుతూ ఉంటుంది. ఎంత ఆలస్యం చేస్తే అంత లోతుకి జారుతుంది. ఆ తర్వాత అదే జంతువుని తెచ్చినా, అది ఎక్కి రాలేని లోతు కావచ్చు.

కంచెల్లోపల చేసే రీవైల్డింగ్ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. నెదర్లాండ్స్‌లో ఓస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అని సముద్రం నుంచి తీసుకున్న చిత్తడి నేల ఉంది. పశువుల్ని, గుర్రాల్ని, ఎర్రజింకల్ని వదిలి, ఇక మనం జోక్యం చేసుకోకూడదన్నారు. చుట్టూ కంచె. వేటాడే జంతువు లేదు. వలసపోయే దారి లేదు. మంద పెరిగింది. 2017-18 శీతాకాలంలో 3,000కు పైగా జంతువులు పోయాయి. చాలావాటిని, ఎలాగూ ఆకలితో చస్తాయి కదా అని, కాల్చి చంపాల్సి వచ్చింది. జనం కంచె బయట నిలబడి లోపలికి గడ్డిమోపులు విసిరారు. తిండి అయిపోతే నడిచి వెళ్ళిపోవడానికి దారి లేనిచోట దాన్ని ప్రకృతి అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి. అరేబియా ఒరిక్స్. తెల్లటి ఒళ్ళు, నిటారుగా పొడుగాటి కొమ్ములు, జింకలాంటి ఎడారి జంతువు. స్వేచ్ఛగా తిరిగేవాటిలో ఆఖరుది 1972లో ఒమాన్‌లో వేటగాళ్ళ చేతుల్లో పోయింది. అదృష్టం ఏమిటంటే, పదేళ్ళ ముందే కొన్నిటిని పట్టి అమెరికాలో ఫీనిక్స్ జూలో పెంచడం మొదలుపెట్టారు. వాటి సంతానాన్ని తెచ్చి 1982లో ఒమాన్ ఎడారిలో వదిలారు. కాపలా ఎవరు? అదే ఎడారిలో ఒంటెలూ మేకలూ మేపుకునే హరాసీస్ తెగవాళ్ళు. వాళ్ళకి అడుగు చూస్తే జంతువు తెలుస్తుంది. మంద 1996 నాటికి 450 అయింది. ఘనవిజయం అన్నారు. ప్రపంచ వారసత్వ స్థలం అన్నారు.

ఆ తర్వాత? ప్రాణాలతో పట్టుకుని డబ్బున్నవాళ్ళ సొంత జూలకి అమ్మే వేట మొదలైంది. 2007 నాటికి 65 మిగిలాయి. అభయారణ్యాన్ని 90 శాతం కుదించారు. యునెస్కో తన జాబితాలోంచి పూర్తిగా తొలగించిన మొట్టమొదటి స్థలం అదే. మళ్ళీ నా ప్రశ్న. మొదటిసారి ఎందుకు పోయింది? వేట. వేటకి కారణం పోయిందా? పోలేదు. రూపం మార్చుకుంది, అంతే. మాంసం కోసం, కొమ్ముల కోసం చంపేవాళ్ళ స్థానంలో ప్రాణాలతో కొనేవాళ్ళు వచ్చారు. అయినా ఆ జాతి నిలబడింది, ఎందుకంటే ఒక్కచోటే వదిలి ఊరుకోలేదు. వేరే దేశాల్లో కూడా వదిలారు. 2011లో దాన్ని ప్రమాదస్థాయిల్లో ఒక మెట్టు తక్కువకి మార్చగలిగారు.

పులి అన్నాను కదా. పన్నా. మధ్యప్రదేశ్. 2009 వచ్చేసరికి ఆ అడవిలో ఒక్క పులి లేదు. కాగితాల మీద ఉన్నాయి, అడవిలో లేవు. ఆ ఏడు మార్చిలో బాంధవ్‌గఢ్ నుంచి ఒక ఆడపులిని, కన్హా నుంచి ఒక ఆడపులిని తెచ్చారు. తెచ్చేసరికి, ఉందనుకున్న మగపులి కూడా లేదని తేలింది. నవంబరులో పెంచ్ నుంచి ఒక మగపులిని తెచ్చి వదిలారు. అదేం చేసింది? కొద్దిరోజులు తిరిగి, ఒక రోజు అడవి దాటి దక్షిణానికి నడక మొదలెట్టింది. దక్షిణాన ఏముంది? పెంచ్ ఉంది. దాని ఇల్లు. ఊళ్ళు దాటుకుంటూ, పొలాలు దాటుకుంటూ ఇంటికి పోతోంది! అటవీ సిబ్బంది ఏనుగుల మీద, దాని మెడకి కట్టిన రేడియో కాలర్ సంకేతం పట్టుకుని, దాని వెంటే నడిచారు. డిసెంబరు 25న మత్తుసూది వేసి పట్టి, వెనక్కి తెచ్చారు. మళ్ళీ పారిపోతే? అప్పుడు పన్నా క్షేత్ర సంచాలకులు ఆర్. శ్రీనివాసమూర్తి గారి బృందం ఏం చేసిందంటే, ఆడపులి మూత్రం తెప్పించి దారుల వెంట చల్లింది. ఆ వాసన పట్టుకుని మగపులి వెళ్ళింది, ఆడపులులు కలిశాయి. 2010 ఏప్రిల్‌లో మొదటి పిల్లలు పుట్టాయి. ఇప్పుడక్కడ పులులు మళ్ళీ పదుల్లో ఉన్నాయి.

ఆ వాసన సంగతి అందరూ చెప్పుకుంటారు. నేను దానికంటే గొప్పగా చూసేది ఇంకోటి. పులిని పోగొట్టుకున్న అడవిలోనే, ప్రతి పులి వెనకా రాత్రీ పగలూ మనిషిని పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని అడవిలోకి పిలిచి చూపించారు. ఇది మీదీ, మీ పిల్లలదీ అని కూచోబెట్టి మాట్లాడారు. మొదటిసారి పులి పోయింది కాపలా లేకపోవడం వల్ల, నిజం చెప్పకపోవడం వల్ల. ఆ రెండూ సరిదిద్దాకే పిల్లలు బతికాయి.

మన పక్క నుంచి ఒక మాట. ఖాళీగా కనిపించే గడ్డినేల చూడగానే మొక్కలు నాటేద్దాం అనే ఉత్సాహం ఉంది. దయచేసి ఆగండి. గడ్డినేల పాడైపోయిన అడవి కాదు. దాని గడ్డి దానిది, దాని పిట్టలు దానివి, దాని జింకలు దానివి. తోడేలు పిల్లల్ని పెట్టేది అలాంటి చోటే. అక్కడ వరసగా చెట్లు నాటితే పచ్చదనం పెరుగుతుంది, అక్కడి ప్రాణులు పోతాయి. నాకు ఈ విషయంలో మొహమాటం లేదు. గడ్డినేల మీద నాటిన తోటని పునరుద్ధరణ అని పిలవకూడదు.

టైమైపోయింది, చీటీల మీద వచ్చిన ప్రశ్నల్లో ఒకటి తీసుకుంటాను. "ఆ జాతే భూమ్మీద లేకుండా పోతే ఏం చేస్తారు?" అని రాశారు. మంచి ప్రశ్న.

మారిషస్ ఉదాహరణ చెప్తాను. ఆ దీవిలో ఒకప్పుడు పెద్ద పెద్ద నేలతాబేళ్ళు ఉండేవి. పూర్తిగా అంతరించాయి. పక్కనే ఇల్ ఓ జెగ్రెట్ అని చిన్న దీవి, అందులో నల్లచేవ చెట్లు, ఎబొనీ. వాటి కాయలు తల్లిచెట్టు కిందే రాలి, అక్కడే గుట్టగా పడి ఉండేవి. తిని దూరంగా విసర్జించేవాళ్ళు లేరు కదా. అంతరించిన తాబేలు రాదు. కాబట్టి దానికి దగ్గరి చుట్టం లాంటి అల్డబ్రా తాబేళ్ళని తెచ్చారు. అవి కాయలు తిన్నాయి, తిరిగాయి, విత్తనాలు దూరాన పడ్డాయి. వాటి కడుపులోంచి వచ్చిన విత్తనాలు మామూలువాటికంటే బాగా మొలిచాయి కూడా.

కానీ ఒక్కసారే దీవంతా వదల్లేదు. ముందు కంచెల్లో పెట్టారు. ఏం తింటున్నాయి, స్థానిక మొక్కల్ని తొక్కేస్తున్నాయా, బయటి కలుపుని మేస్తున్నాయా, అన్నీ చూసుకున్నారు. పైగా తాబేలుని ఎంచుకోవడంలో ఇంకో తెలివి ఉంది. అది పరిగెత్తి పారిపోదు, గబగబా పిల్లల్ని పెట్టి దీవంతా నిండిపోదు. అంచనా తప్పిందని తేలితే మొత్తం ఏరుకుని వెనక్కి తీసుకుపోవచ్చు. బీవర్‌తో తియెర్రా దెల్ ఫ్యూగోలో ఆ వీలు లేకుండా పోయింది. అందుకని, బదులుగా ఒక జాతిని తెస్తామని ఎవరైనా మీ దగ్గరికొస్తే ముందు అడగండి. తప్పయితే వెనక్కి తీసుకోగలరా? ఎలా? ఎవరు తీసుకుంటారు, ఆ డబ్బు ఎక్కడుంది? జవాబు రాతపూర్వకంగా ఇచ్చాకే మిగతా మాటలు.

తర్వాతి చీటీ ఎవరిదమ్మా? ఇటు ఇవ్వండి.